విరగని కొయ్య అక్షరం

గట్టి కలపలో కోసిన తెలుగు పేరు చేతిలో విరిగినప్పుడు నింద సాధారణంగా రంపం మీదికో, తొందరపడిన చేతి మీదికో పోతుంది గాని, చాలా సందర్భాల్లో ఆ విరుగు రంపం ఆడకముందే, పలక మీద అక్షరాన్ని ఏ వాటున పరచాలో, అక్షరంలోని ఏ భాగాన్ని దేనికి అంటించాలో నిర్ణయించిన దశలోనే ఖాయమై ఉంటుంది. ఈ పని గురించి దొరికే సూచనల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఆ లిపిలో నిలువు, అడ్డ గీతలు ఎక్కువ, ప్రతి పెద్ద అక్షరమూ ఒకే ముక్క. తెలుగు లిపి స్వభావం వేరు. గుండ్రని వంపులు, ఒంటికి అంటీ అంటని తలకట్లు, కింద వేలాడే ఒత్తులు, ఒంటరిగా నిలబడే సున్నలు ఇక్కడ ఉంటాయి కాబట్టి, ఆ సూచనలను ఉన్నవి ఉన్నట్టుగా పాటించిన తెలుగువాడు మంచి టేకు చెక్కను పాడుచేసుకునే అవకాశమే ఎక్కువ.

ఇలాంటి పనికి సికింద్రాబాద్‌లో వనరుల కొరత లేదు. రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారులో పనిముట్లు, బ్లేడ్లు, జిగుర్లు, గరుకు కాగితాలు దొరుకుతాయి. బోయిగూడ టింబర్ డిపోలలో కలప దొరుకుతుంది. గేటు పక్క ఇంటిపేరు, హాల్లో దంపతుల పేర్లు, పూజగది మీద ఒక మంగళవాక్యం పెట్టుకోవాలనే కోరిక ఇళ్ళన్నిటా ఉన్నదే. ఇప్పుడు ఆ కోరికను తీర్చేవి ఎక్కువగా లేజరుతో కోసిన యాక్రిలిక్, ఎం.డి.ఎఫ్. అక్షరాలు. కొయ్య పీచును జిగురుతో కలిపి ఒత్తిన పలక కావడం వల్ల ఎం.డి.ఎఫ్.కు నార ఉండదు. ఏ వాటున కోసినా దాని బలం ఒకటే, అందువల్ల దానితో చేసే పనికి ఆలోచన అంతగా అక్కర్లేదు. అసలైన టేకులో అక్షరం కోయాలంటే మాత్రం చెట్టు పెరిగిన తీరును లెక్కలోకి తీసుకోవాలి. అదే ఈ విద్యలోని కష్టం, అందం కూడా.

ఈ కోతకు వాడే స్క్రోల్ సా అన్నది చేతితో ఆడించే ఫ్రెట్ సా అనే సన్నరంపానికి యంత్రరూపం. దాని బల్ల మధ్యలోని రంధ్రం గుండా సుమారు అయిదు అంగుళాల పొడవుండే సన్నని బ్లేడు నిలువుగా, బిగువుగా నిలబడి, మోటారు బలంతో కిందికీ పైకీ ఆడుతుంది. వేగం మార్చుకునే వీలున్న యంత్రాల్లో ఈ ఆటలు నిమిషానికి సుమారు 400 నుంచి 1,600 దాకా ఉంటాయి. రంపం ఉన్నచోటే ఉంటుంది, పలకను తిప్పుతూ గీత వెంట నడిపించడమే మనిషి చేసే పని. బ్లేడు కొసను ఊడదీసి, పలకలో తొలిచిన చిన్న రంధ్రంలోంచి దూర్చి, మళ్ళీ బిగించవచ్చు కాబట్టి అంచును తెంచకుండానే అక్షరం లోపలి ఖాళీలను కోయవచ్చు. కంప్యూటరు నడిపే రూటరు యంత్రపు కోత ముల్లు గుండ్రంగా ఉండటం వల్ల లోపలి మూలల్లో ఎప్పుడూ కొంత వంపు మిగిలిపోతుంది. స్క్రోల్ సా బ్లేడు మాత్రం మూలలోకి సూటిగా వెళ్ళి, అక్కడే మళ్ళుకుని బయటికి రాగలదు. తలకట్టు గీత అక్షరాన్ని తాకేచోట ఏర్పడే సన్నని కోణానికి ఈ గుణం చాలా అవసరం. అమెరికాలో ఉంటున్న బంధువులు అక్కడి యంత్రాన్ని తెచ్చిపెట్టే సందర్భాలూ ఉంటాయి గనుక ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్కడి విద్యుత్తు 120 వోల్టులు, ఇక్కడిది 230 వోల్టులు. సరైన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఆ యంత్రాన్ని ఇక్కడి ప్లగ్గుకు తగిలిస్తే మోటారు కాలిపోతుంది.

కొయ్య ఎందుకు విరుగుతుందో తెలిస్తే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి. చెట్టు మాను నిలువునా పెరిగిన సన్నని నాళాల సముదాయం. ఈ నాళాలు సాగిన దిశనే వడ్రంగులు నార అంటారు. కొబ్బరి ఈనెల కట్టను రెండు కొసలు పట్టి లాగితే తెగదు గాని, ఒక ఈనె నుంచి మరో ఈనెను పక్కకు లాగితే సులువుగా విడిపోతుంది. కొయ్యలో నారకూ నారకూ మధ్య ఉన్న పట్టు కూడా అలాంటిదే. నార వెంబడి లాగినప్పుడు కలప తట్టుకునే బలం, నారకు అడ్డంగా లాగినప్పుడు తట్టుకునే బలం కంటే పది రెట్లకు మించి, తరచుగా ఇరవై రెట్ల దాకా ఉంటుంది. గీత నార వెంబడి సాగితే సన్ననిదైనా నిలుస్తుంది. అదే గీత నారకు అడ్డంగా సాగితే దానిలోని పోగులన్నీ గీత వెడల్పుకు తెగిపోయిన పొట్టి ముక్కలై, పక్క పోగులతో ఉన్న బలహీనమైన పట్టు మీదనే నిలబడవలసి వస్తుంది. ఇలాంటి చోటును పొట్టినార అనవచ్చు. కొయ్య అక్షరాల విరుగుళ్ళలో దాదాపు అన్నీ పొట్టినార దగ్గరే జరుగుతాయి.

ఇంగ్లీషు అక్షరంలో పొట్టినార ఎక్కడుందో చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే నార అడ్డంగా ఉన్న పలకలో నిలువు గీతలన్నీ పొట్టినారే. తెలుగు అక్షరంలో అది వంపుల్లో దాగి ఉంటుంది. ఈ విషయం తెలియడానికి సికింద్రాబాద్ అన్న పేరునే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఊరిపేరు కావడం ఒక కారణమైతే, తెలుగు లిపిలోని చిక్కులు దాదాపు అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండటం రెండో కారణం. పేరు ఎత్తు కంటే పొడవు ఎక్కువ కాబట్టి పలక నార అడ్డంగా, అంటే పేరు చదివే దిశలోనే ఉండాలి. ఇందులో మరో ఆలోచనకు తావు లేదు. నారను నిలువుగా పెడితే పేరు మొత్తం పొడవునా ఎక్కడ పడితే అక్కడ విరిగే ప్రమాదం ఉంటుంది. అడ్డనార అని నిర్ణయించుకున్న తర్వాత ఒక్కో అక్షరాన్ని పరీక్షించాలి.

మొదటిది సున్న. కి, ద్రా అనే రెండు అక్షరాల మధ్య దేన్నీ తాకకుండా నిలబడే ఒక వలయం అది. వలయం పైభాగంలోనూ కిందిభాగంలోనూ పట్టీ అడ్డంగా, నార వెంబడి సాగుతుంది కాబట్టి అక్కడ బలం ఉంటుంది. ఎడమ, కుడి పక్కల్లో పట్టీ నిలువుగా తిరుగుతుంది కాబట్టి అక్కడ రెండు పొట్టినార చోట్లు ఏర్పడతాయి. వలయాన్ని పైనుంచి కాస్త నొక్కినా, కింద పడినా విరిగేది ఆ రెండు పక్కలే. సున్న ఆకారం ఉన్న ప్రతిచోటా, అంటే ర అక్షరపు గుండ్రని ఒంట్లో, గుడి వంపులో ఇదే సూత్రం వర్తిస్తుంది. రెండోది ద్రా కింద చుట్టుకునే ర ఒత్తు. అచ్చులో అది చాలాసార్లు ద అక్షరానికి అంటకుండా విడిగానే ఉంటుంది, కాబట్టి కాగితం మీది గీతను ఉన్నదున్నట్టు కోస్తే ఒత్తు ఊడి విడిముక్కగా చేతికొస్తుంది. మూడోది చివరి ద్ మీద పైకి లేచే పొల్లు. అడ్డనార పలకలో నిలువుగా లేచే ఈ సన్నని గీత మొత్తం పొట్టినారే. బట్టతో దుమ్ము దులిపేటప్పుడు అంచు తగిలినా విరిగేంత బలహీనమైనది. సి, కి అక్షరాల మీది గుడులు ఒంటికి అతుక్కునే ఉంటాయి గాని వాటి వంపు పక్కలు సన్నవి. బా అక్షరంలోని దీర్ఘం మాత్రం అడ్డంగా, నార వెంబడి సాగుతుంది కాబట్టి దానితో పెద్ద బాధ లేదు.

ఈ చిక్కులకు పరిష్కారం రంపంలో లేదు, గీతలో ఉంది. మొదట పేరు కింద పొడవునా ఒక అడ్డపట్టీని పీటలాగా గీసి, అక్షరాల అడుగులన్నీ దానిలో కొద్దిగా మునిగేలా జరపాలి. నార పొడవునా సాగే ఈ పీట పేరుకు వెన్నెముక అవుతుంది, ర ఒత్తు కూడా దానిలో కలిసిపోయి వేలాడవలసిన అవసరం తప్పుతుంది. తర్వాత సున్నను ఎడమవైపు కి అక్షరాన్నీ, కుడివైపు ద్రా అక్షరాన్నీ తాకేలా దగ్గరికి జరపాలి. ఇందులో ఒక చక్కని సౌలభ్యం ఉంది: సున్న బలహీనంగా ఉండే రెండు పక్కలే పొరుగు అక్షరాలను తాకే చోట్లు కూడా కావడం వల్ల, ఆ తాకిడి వంతెనగానూ పనిచేస్తుంది, పొట్టినారకు అండగానూ నిలుస్తుంది. పక్కల వెడల్పును కాస్త పెంచితే మరీ మంచిది. అక్షరపు తలంలోనే వంచే బలాన్ని ఒక పట్టీ ఎంత తట్టుకుంటుందన్నది దాని వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే 10 మిల్లీమీటర్ల పట్టీని ఆ రెండు పక్కల 14 మిల్లీమీటర్లకు పెంచినంత మాత్రాన అక్కడి బలం దాదాపు రెట్టింపవుతుంది. కంటికి అంతగా ఆనని ఈ చిన్న మార్పు ఇచ్చే ఫలితం ఎంత జిగురు పూసినా రాదు. పొల్లును మాత్రం పొట్టిగా, అడుగున లావుగా, పక్కకు బాగా వాలేలా గీయాలి; దాని కొస ముందున్న బా దీర్ఘాన్ని తాకేలా వెనక్కి మళ్ళించగలిగితే ఇంకా క్షేమం.

తలకట్టు సంగతి వేరుగా చెప్పుకోవాలి. క, చ, న వంటి అక్షరాల్లో తలకట్టు ఒంటికి తగిలి ఉంటుంది; ప, ష, స, హ వంటివాటిలో చాలా ఫాంట్లు దాన్ని కొంచెం ఎడంగా, గాలిలో నిలబెట్టినట్టు చూపిస్తాయి. ఖ, జ, ణ, బ, ల అక్షరాలకు అసలు తలకట్టే లేదు కాబట్టి వాటితో కూడిన పేర్లు కోసేవారికి అదృష్టమే. ఎడంగా ఉన్న తలకట్టును అక్షరానికి కలపాలంటే దాని అడుగుకొసను కిందికి సాగదీసి అక్షరపు కొసలో కలిపేయడం మేలు. మధ్యలో సన్నని పుల్లలాంటి వంతెన పెడితే అది కంటికి అతుకులా కనిపించడమే కాక మొదట విరిగేదీ అదే. ఠ, థ అక్షరాల లోపలి చుక్క మరీ మొండిది, ఎందుకంటే అది నాలుగువైపులా ఖాళీ మధ్య ఉన్న దీవి. దాన్ని ఒక పక్కకు జరిపి లోపలి అంచుకు అంటించాలి, లేదా పేరు వెనక పలుచని పలక పెట్టి చుక్కను దానిమీద విడిగా అతికించాలి. అక్షరాలను మిగిల్చి చుట్టూ ఉన్నది తీసేసే పద్ధతికి బదులు పలకలో అక్షరాలనే ఖాళీలుగా తొలిచే పద్ధతిలో లెక్క తలకిందులవుతుంది: అప్పుడు తలకట్టు, ఒత్తు ఎంత విడిగా ఉన్నా ఇబ్బంది లేదు గాని సున్న లోపలి బిళ్ళ, ర లోపలి బిళ్ళ ఊడిపోతాయి, వాటికి వంతెనలు వేయాలి. తెలుగు పేర్లకు మొదటి పద్ధతి అందమైనదైతే రెండోది క్షేమమైనది. కొత్తగా నేర్చుకునేవారు రెండోదానితో మొదలుపెట్టడం మంచిది.

అక్షరరూపం ఎంపిక కూడా ఇక్కడే తేలిపోవాలి. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన యూనికోడ్ ఫాంట్లలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన రామభద్ర వంటి లావు అక్షరాలు కొయ్యకు బాగా నప్పుతాయి, వాటి గీతల్లో బలానికి కావలసిన వెడల్పు ముందే ఉంటుంది. బాపు చేతిరాతను అనుసరించిన అక్షరాలు శుభలేఖల మీద ఎంత సొగసుగా ఉన్నా, తోక చివర సన్నబడే ఆ గీతలు గట్టి కలపలో నిలవాలంటే ప్రతి తోకనూ లావు చేసుకోక తప్పదు. ముప్పావు అంగుళం, వడ్రంగుల లెక్కలో ఆరు సూతుల మందం ఉన్న టేకులో నార వెంబడి సాగే గీత నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పున నిలుస్తుంది గాని, పొట్టినార గీతకు కనీసం దానికి రెట్టింపు వెడల్పు ఇవ్వడం ఉచితం.

గీతతో తీరని చోట కలపనే మార్చి పేర్చే ఉపాయం తెలుగు చేతిపనుల్లో పాతదే. కొండపల్లి బొమ్మల కళాకారులు తెల్లపొణికి అనే తేలికైన మెత్తని కొయ్యను వాడుతూ, బొమ్మ చేతులు మొదలైన భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు అనే ముద్దతో అతుకుతారు. అలా చేయడంలో ఒక శాస్త్రం ఉంది: విడిగా చెక్కే చేతికి దాని నిడివి వెంబడే నార ఉండేలా ముక్కను ఎంచుకోవచ్చు, ఒకే దుంగలోంచి తీస్తే చాచిన చేయి పొట్టినారలో పడి విరుగుతుంది. పొల్లునూ తలకట్టునూ ఇదే విధంగా వేరే ముక్కలో, వాటి నిడివి వెంబడి నార ఉండేలా కోసి, అక్షరానికి చిన్న గాడి తీసి అతికించవచ్చు. మరో ఉపాయం పొరల పలక: పలుచని రెండు టేకు పలకల మధ్య ఒక పలుచని పొరను దాని నార వాటి నారకు అడ్డంగా ఉండేలా పెట్టి జిగురుతో బిగిస్తే, ఏ దిశలో గీత సాగినా కనీసం ఒక పొరలోనైనా పొడవునార ఉంటుంది. ప్లైవుడ్ బలానికి మూలమైన సూత్రం ఇదే. టేకులో సహజమైన నూనె ఉండటం వల్ల జిగురు సరిగ్గా పట్టదు కాబట్టి, అతికించే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టి, థిన్నరుతో తుడిచి, ఆరిన వెంటనే జిగురు పూయాలి.

కలప ఎంపికలో తెలంగాణకు ఒక వరం ఉంది. ఆదిలాబాద్ అడవుల టేకు పేరుపొందినది. చేవదేరిన టేకు మధ్యస్థమైన బరువుతో, తిన్నని నారతో, తేమకు అంతగా స్పందించని గుణంతో ఈ పనికి సరిపోతుంది. జిట్రేగి ఇంకా గట్టిది, బరువైనది, సన్నని గీతలను బాగా నిలుపుతుంది గాని ఖరీదు ఎక్కువ, కోత నిదానం. మామిడి చౌక అయినా దాని నార తరచుగా మెలితిరిగి ఉంటుంది కాబట్టి సన్నని అక్షరాలకు నమ్మదగినది కాదు. ఎర్రచందనం ఊసే ఎత్తవద్దు. అనుమతులు లేకుండా దాన్ని ఉంచుకోవడం, అమ్మడం నేరం. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే తలుపులు, దూలాల్లోని టేకు దశాబ్దాల తరబడి ఆరి స్థిరపడి ఉంటుంది కాబట్టి దానికి సాటి మరొకటి లేదు. అయితే కోసే ముందు అయస్కాంతంతో మేకుల కోసం వెతకడం తప్పనిసరి. ముడి, పగులు, చేవకూ తెల్లచెక్కకూ మధ్య హద్దు ఉన్న చోట్లు సన్నని గీతల కిందికి రాకుండా కాగితాన్ని పలక మీద జరిపి చూసుకోవాలి.

తేమ సంగతి చాలామంది మరచిపోతారు. పచ్చిగా ఉన్న టేకు పూర్తిగా ఎండేసరికి నార వెంబడి దాదాపు ఏమీ తగ్గదు గాని, నారకు అడ్డంగా సాగే ఒక దిశలో 2.5 శాతం, వార్షిక వలయాల వెంట మరో దిశలో 5.8 శాతం దాకా కుదించుకుపోతుంది. ఎండిన చెక్క కూడా గాలిలోని తేమను బట్టి ఊపిరి తీస్తూనే ఉంటుంది. మే నెల సికింద్రాబాద్‌లో గాలి పొడిగా, జూలై తర్వాత బాగా తేమగా ఉంటుంది. చెక్కలో తేమ నాలుగు శాతం మారితే నారకు అడ్డంగా 150 మిల్లీమీటర్ల ఎత్తున్న టేకు పేరు సుమారు ఒక మిల్లీమీటరు మేర పెరగవచ్చు లేదా తగ్గవచ్చు. పేరును వెనక పలకకు పొడవునా, ఎత్తునా జిగురుతో గట్టిగా బంధించినప్పుడు ఈ కదలికకు దారి లేక పొట్టినార దగ్గర బీటలు పడతాయి. అందుకని పీటను మాత్రమే అతికించి, పై భాగాన్ని స్వేచ్ఛగా వదలాలి. డిపో నుంచి తెచ్చిన పలకను కోసే గదిలోనే రెండు మూడు వారాలు గాలి ఆడేలా ఉంచడం మంచిది. సరిగ్గా ఆరబెట్టని చెక్కలో లోపలి బిగువులు ఉండిపోయి, కోసే కొద్దీ కోతగాడి మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది.

ఇంత సిద్ధమయ్యాకే రంపం వంతు. ఆరు సూతుల టేకుకు 5 లేదా 7 నంబరు బ్లేడు, రెండు సూతుల పలుచని పలకకు 2 లేదా 3 నంబరు బ్లేడు సరిపోతాయి; నంబరు పెరిగేకొద్దీ బ్లేడు లావవుతుంది, 5 నంబరు బ్లేడు సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పు, 0.4 మిల్లీమీటరు మందం ఉంటుంది. బ్లేడు పళ్ళు కిందికి చూస్తూ ఉండాలి. కిందికి దిగేటప్పుడు పళ్ళు పలకను బల్ల మీదికి అదుముతాయి, పైకి లేచేటప్పుడు దాన్ని తమతోపాటు ఎత్తబోతాయి. అలా ఎత్తిన పలక మళ్ళీ బల్ల మీద దబ్బున పడటమే కోత మధ్యలో సన్నని గీతలు విరగడానికి పెద్ద కారణం. అందువల్ల వేళ్ళు ఎప్పుడూ కోత జరిగే చోటుకు దగ్గరగా, కానీ బ్లేడు దారిలో కాకుండా, పలకను కిందికి అదిమి పట్టాలి. బల్ల మధ్యలోని రంధ్రం పెద్దదైతే సన్నని ముక్కలకు అడుగున ఆధారం ఉండదు; దాని మీద ఒక పలుచని ప్లైవుడ్ ముక్కను టేపుతో అంటించి, బ్లేడు పట్టేంత రంధ్రం మాత్రమే తొలిస్తే బల్ల మొత్తం ఆధారమవుతుంది. ఖర్చులేని ఈ పని చాలా అక్షరాలను కాపాడుతుంది.

బ్లేడు బిగువు సరిపోకపోతే అది పలక మందంలో వంగి, కోత నిటారుగా రాదు. అప్పుడు లోపలి వ్యర్థపు ముక్క ఒకవైపు నుంచి బయటికి రాక ఇరుక్కుంటుంది, దాన్ని వేలితో నెట్టినప్పుడు పక్కనున్న సన్నని గీత విరుగుతుంది. వేలితో మీటితే తీగలా మోగేంత బిగువు ఉండాలి, బల్లకు బ్లేడు సరిగ్గా నిట్టనిలువుగా ఉందో లేదో మూలమట్టంతో చూసుకోవాలి. తయారీలో మిగిలే సన్నని మొన వల్ల చాలా బ్లేడ్లు కొద్దిగా ఒక పక్కకు లాగుతాయి; ఆ లాగుడును బలంతో ఎదుర్కోకుండా పలకను కాస్త ఏటవాలుగా నడిపించి సర్దుకోవాలి, ఎందుకంటే ఎదుర్కొనే బలమంతా చివరికి సన్నని గీత మీదే పడుతుంది. టేకులో ఉండే సిలికా అనే ఇసుకగుణం బ్లేడు పళ్ళను త్వరగా మొద్దుబారుస్తుంది. కొయ్య మాడిన వాసన వచ్చినా, పలకను నెట్టవలసి వచ్చినా బ్లేడు పని అయిపోయినట్టే. మరో నాలుగు అంగుళాలు లాగుదామనే పొదుపు, మొద్దుబారిన బ్లేడు తెగి పలకను విదిలించినప్పుడు, పేరు మొత్తాన్ని బలి తీసుకుంటుంది.

కోసే వరుసలో ఒకే సూత్రం: ఏ గీత కోసినా దాని చుట్టూ ఇంకా కోయని చెక్క ఎంత ఎక్కువగా ఉంటే అంత మేలు. అందువల్ల లోపలి ఖాళీలన్నీ ముందు, బయటి అంచు చివర. లోపలి ఖాళీల్లో కూడా బలమైన చోట్లవి ముందు కోసి, పొట్టినార పక్కనున్నవి వెనక్కి పెట్టుకోవాలి, ఎందుకంటే ఒకసారి సన్నబడిన గీత ఆ తర్వాతి ప్రతి కోతలోనూ కంపనాన్ని భరించాలి. కోసిన వ్యర్థపు ముక్కను పారేయకుండా దాని గూట్లోనే తిరిగి పెట్టి, అడుగున టేపు వేస్తే సన్నని గీతకు అది తాత్కాలికమైన అండ. బ్లేడు దూర్చే రంధ్రాలు తొలిచేటప్పుడు అడుగున వ్యర్థపు చెక్క పెట్టకపోతే అవతలి ముఖం చిట్లుతుంది. బయటి అంచు కోతలో పొల్లు, తలకట్టు వంటి మొనలను ఆఖరికి ఉంచి, ఆ సమయానికి వేగం తగ్గించి, తేలిన భాగాన్ని రెండో చేతి వేలితో ఆనించి పట్టాలి.

విరుగుళ్ళలో చాలా భాగం యంత్రం ఆగిపోయిన తర్వాత జరుగుతుందన్నది కొత్తవారు నమ్మని నిజం. పలక మీద అంటించిన కాగితాన్ని గోటితో పైకి లాగితే పొట్టినార గీత కాగితంతోపాటే వస్తుంది. మొదట పలక మీద మాస్కింగ్ టేపు పరిచి, కాగితాన్ని ఆ టేపు మీద అంటిస్తే, తర్వాత జుట్టు ఆరబెట్టే యంత్రంతో వెచ్చబెట్టి, గీత మధ్య నుంచి కొసల వైపు మెల్లగా, పలకకు దాదాపు సమాంతరంగా లాగి తీయవచ్చు. నునుపు చేయడం పూర్తిగా కోతకు ముందే, పలక ఒకే ముక్కగా ఉన్నప్పుడే జరగాలి. కోసిన తర్వాత అడుగు అంచున మిగిలే సన్నని రోమాల్లాంటి పీచును మాత్రమే మెత్తని గరుకు కాగితంతో, సమతలమైన బల్ల మీద తుడవాలి. నూనె పూతను కుంచెతో రుద్దే కంటే పేరును పళ్ళెంలోని నూనెలో ముంచి తీసి, ఆరవేయడం క్షేమం. అవిసెనూనె తుడిచిన గుడ్డలను ముద్దగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని విప్పి ఆరవేయాలి. గట్టి కలప ధూళి క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గుర్తించింది. ముక్కుకు గుడ్డ చాలదు, ధూళిని వడకట్టే మాస్కు ఉండాలి.

ఇంత చేసినా ఒక గీత విరిగితే నిరాశ అక్కర్లేదు. పొట్టినార విరుగు నారల మధ్య చీలినది కాబట్టి రెండు ముఖాలూ పొందికగా కలుస్తాయి, పైగా నార పక్క ముఖానికి జిగురు బాగా పడుతుంది. చిట్లిన పోగులను చెరపకుండా, చేతి జిడ్డు, ధూళి అంటకముందే అదేరోజు అతికించి టేపుతో బిగిస్తే ఆ అతుకు పక్కనున్న కొయ్యకు తీసిపోదు. గీత మరీ సన్ననిదైతే వెనకవైపు పలుచని తక్షణ జిగురు చుక్కలు వేసి పీల్చనివ్వడం అదనపు బలం.

తెలుగు అక్షరాలకు ఉచిత ఫాంట్లు ఇచ్చిన కళాకారులూ సంస్థలూ మరొక్క అడుగు వేయవలసిన అవసరం ఉంది. తలకట్టు, ఒత్తు, పొల్లు అక్షరంలో కలిసి, సున్నలకూ చుక్కలకూ వంతెనలు ముందే గీసిన, కోతకు పనికివచ్చే అక్షరమాల ఒకటి తెలుగులో ఉంటే, ఆ లావు సన్నాల లెక్క ప్రతి వడ్రంగీ, ప్రతి విద్యార్థీ తన పలక మీద మొదటినుంచి వేసుకోవలసిన పని తప్పుతుంది. పాఠశాలల చేతిపనుల తరగతులకూ, ఐ.టి.ఐ. వడ్రంగ శాఖలకూ అది వెంటనే ఉపయోగపడుతుంది. అక్షరరూప కళాకారులు ఒక వడ్రంగి పక్కన కూర్చుని ఆ పనికి పూనుకోవాలి.